డేవ్ ఓ'షీర్వాదం ఐరిష్ పాటలు

దైవాశీర్వాదం అన్నయ్యకి ఒక అలవాటు ఉండేది. ఎక్కడికి వెళ్ళినా, ఎవరింట్లో ఏ వేడుక జరిగినా, ఐరిష్ పాట పాడేవాడు. అలవాటు అని మర్యాదకి అంటున్నాను. నేను నర్సుని. నర్సుగా చెప్పాలంటే అది జబ్బు. ముందు గొంతు సవరించుకునేవాడు. తర్వాత ఎడమచెయ్యి ఎత్తి ఎడమ చెవి మూసుకునేవాడు. అది చూడగానే చిన్నపిల్లల తల్లులు పిల్లల్ని ఎత్తుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఎందుకంటే ఆ పాటల్లో ఎవరో ఒకరు చచ్చిపోకుండా ఉండరు.

మాతోపాటు అమెరికాలో ఉన్న జగదీష్ కొడుకు మొదటి పుట్టినరోజు నాకింకా గుర్తుంది. కేక్ కోశారు. ఎవరో కొత్తావిడ, పాపం తెలియక, "మీ గొంతు బాగుంటుందటగా, ఒక పాట పాడండి" అంది. వసంత వదిన ఆవిడ చెయ్యి పట్టుకునేలోపే అన్నయ్య చెవి మూసుకున్నాడు. తెల్లారితే ఉరితీయబోయే కుర్రాడు తన బూట్లు తమ్ముడికివ్వమని తల్లికి చెప్పే పాట. అయిదు చరణాలు. నాలుగో చరణానికి ఆ బూట్లు తమ్ముడికి బిగుతవుతాయి. జగదీష్ అత్తగారు ఇండియా నుంచి కొత్తగా వచ్చారు, ఇంగ్లీషు రాదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఎంత హాయిగా ఉంది బాబూ! లాలిపాటా?" అన్నారు.

"దాదాపు అంతేనండీ. చివర్లో కుర్రాడు నిద్రపోతాడు" అన్నాడు అన్నయ్య.

రవికుమార్ నేపర్‌విల్‌లో ఇల్లు కొని భోజనాలకి పిలిస్తే, భూస్వామి మనుషులు వచ్చి పూరింటి కప్పుకి నిప్పంటించే పాట ఎత్తుకున్నాడు. రవికుమార్ మొహం మాడిపోయింది.

"సార్, నిన్ననే తాళాలు ఇచ్చారు నాకు. ఇంకో పాట లేదా?"

"ఉందయ్యా. అందులో ఇల్లు కాలదు."

"హమ్మయ్య, అది పాడండి."

"వరదలో కొట్టుకుపోతుంది."

ఒకసారి మా స్నేహితురాలి తల్లిని ఇండియా విమానం ఎక్కించడానికి ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాం. గేటు దగ్గర ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది. అన్నయ్య ఓదారుస్తాననుకున్నాడు. అమెరికాకి బయల్దేరిన ఓడ నడిసముద్రంలో మునిగిపోయే పాట మొదలుపెట్టాడు. రెండో లైనుకే వసంత వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తన నోటికి కాదు, ఆయన నోటికి.

"మా ఆయనకి తాగుడు లేదు, సిగరెట్ లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఐర్లండే" అనేది వదిన.

అన్నయ్య అంటున్నానే గాని చుట్టం కాదు, వీళ్ళది బాపట్ల. 1978లో ఇల్లినాయ్‌లోని అరోరాకి వచ్చారు. అప్పటికి నేను వచ్చి మూడేళ్ళు. పెళ్ళి కాలేదు, వంట రాదు. ఒకే బిల్డింగ్‌లో పై అంతస్తులో నా వాటాకి ఎదురు వాటాలో దిగారు. ఆ వారమే వదిన చేపలపులుసు వాసన నా తలుపు కింద నుంచి లోపలికొచ్చింది. ఆ వాసన పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళినదాన్ని పదేళ్ళపాటు తిరిగి రాలేదనే చెప్పాలి. అన్నయ్య పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. అయిదడుగుల రెండంగుళాలు, గుండ్రటి పొట్ట, నిగనిగలాడే బట్టతల. ఆ పొట్టలోంచి అంత గొంతు ఎలా వచ్చేదో తెలియదు. పదహారో ఏటి నుంచి బాపట్లలో చర్చిలో పాటలు నడిపించిన గొంతు అది.

ఆయన పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ నోరు తిరగలేదు. ఫోర్‌మన్ దాన్ని రెండు ముక్కలు చేశాడు. మొదటి ముక్క డేవ్ అయింది. మిగిలింది ఓ'షీర్వాదం అయింది. లాకర్ మీద అదే రాశారు. ఓ' తో మొదలయ్యే ఇంటిపేరు తమవాళ్ళదే కదా అనుకుని ఒక ఐరిష్ వెల్డర్ పరుగెత్తుకొచ్చి చెయ్యి కలిపాడట.

"ఓ'షీర్వాదం! ఐర్లండులో ఏ కౌంటీ మీది?"

"గుంటూరు."

"ఎప్పుడూ వినలేదే. కెర్రీ పక్కనా?"

"ఇంకొంచెం కిందకి" అన్నాడట అన్నయ్య.

ఒకసారి కూరగాయలకి వెళ్తూ కార్లో అడిగేశాను. "అన్నయ్యా, మనకి లేని పాటలా? ఆ ఐరిష్ వాళ్ళ పాటలే ఎందుకు పట్టుకున్నావు?"

"చెల్లెమ్మా, మనవాళ్ళు ఏడుపు పాటని ఏడుస్తూ పాడతారు. వీళ్ళు కాలితో తాళం వేస్తూ పాడతారు. ఓడిపోయిన ప్రతి యుద్ధానికీ వీళ్ళకి ఓ పాటుంది. గెలిచింది ఒక్కటి చెప్పమంటే తల గోక్కుంటారు. కానీ పాట అయిపోయేసరికి గెలిచింది వీళ్ళేనేమో అనిపిస్తుంది. అది మామూలు విద్య కాదు."

"అయినా మనకేం సంబంధం?"

"ఎందుకు లేదూ? శిస్తు కట్టలేదని అక్కడ వాళ్ళ ఇంటికప్పు పీకించిన దొర తమ్ముడే మన దేశంలో మా తాత పొలం వేలం వేశాడు. మా తాత మీద ఎవరూ పాట కట్టలేదు. అందుకని ఉన్న పాటలోనే మా తాతని కూడా నిలబెట్టి పాడుకుంటున్నాను" అన్నాడు. ఆ మాట అంటూ రెడ్‌లైట్ దాటేశాడు. అడ్డంగా వస్తున్న కారువాడు హారన్ కొడితే వాడికి చెయ్యి ఊపాడు.

నెలకి రెండు ఆదివారాలు మా తెలుగు క్రైస్తవ సహవాసం కూడుకునేది. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ హాలు అద్దెకి తీసుకున్నాం. ముప్ఫై కుటుంబాలు. పాస్టర్ సుందర్ రాజ్ అయ్యగారు. ఏలూరులో హైస్కూల్ హెడ్మాస్టర్‌గా చేసి వచ్చినవారు. ఆరాధనకి ఆలస్యంగా వస్తే ఇప్పటికీ గుమ్మం దగ్గరే నిలబెడతారేమోనని మాకు భయం. పాటల లీడర్ మా అన్నయ్య. ఆయన ఎత్తుకుంటే ముప్ఫై కుటుంబాలు ఒక్క గొంతు అయ్యేవి.

ఒక ఆదివారం కొత్త రాగంలో ఒక కీర్తన నేర్పాడు. బ్రహ్మాండంగా కుదిరింది. ముసలమ్మలు కూడా చప్పట్లు కొట్టారు. హాలు ఊడ్చే ఐరిష్ పెద్దాయన చీపురు ఆపి, టోపీ తీసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వచ్చాడు.

"రెవరెండ్, ఈ పాట విని ముప్ఫై ఏళ్ళయింది. మా నాన్న పాడేవాడు."

"చాలా సంతోషం. మీ చర్చిలోనా?"

"కాదు. గుర్రాల శాలలో. భూస్వామి గుమాస్తాని పొదలో నుంచి కాల్చే పాట కదా ఇది."

అయ్యగారు నెమ్మదిగా అన్నయ్య వైపు తిరిగారు.

"రాగం ఒక్కటే అయ్యగారూ! మాటలు మాత్రం బైబిల్లోవే" అన్నాడు అన్నయ్య.

ఆ తప్పు క్షమించారు. కానీ 1982 నవంబరులో వచ్చిన తంటా అంత తేలిగ్గా పోలేదు. మా సహవాసంలోని ప్రేమజ్యోతి అక్కయ్య కంటికి ఒక శనివారం మధ్యాహ్నం అన్నయ్య కారు కనబడింది. టూమీ అనే ఐరిష్ ఆయన నడిపే బార్ ముందు. తర్వాతి శనివారం పనిగట్టుకుని అటు డ్రైవ్ చేసింది. మళ్ళీ అక్కడే. ప్రేమజ్యోతి అక్కయ్య చూసిందంటే ఇల్లినాయ్ మొత్తం చూసినట్టే. మంగళవారానికి అయ్యగారు వసంత వదినకి ఫోన్ చేశారు.

"సిస్టర్, బ్రదర్ బార్‌కి వెళ్తున్నారని తెలిసింది. నిజమైతే ఆయన పాటలు లీడ్ చేయడానికి వీల్లేదు. క్రిస్మస్ ప్రోగ్రాం కూడా వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది."

వదిన ఫోన్ పెట్టేసి నా వాటాకి వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"శనివారాలు ఓవర్‌టైమ్ అని చెప్పి వెళ్తున్నాడే లూసీ! రెండేళ్ళ నుంచీ!"

"నీకెప్పుడూ వాసన రాలేదా వదినా?"

"నోరు తెరిస్తే పాటే వస్తుంది. వాసన రావడానికి సందెక్కడ?"

శనివారం మూడింటికి ఇద్దరం బయల్దేరాం. పట్టుచీరల మీద ఓవర్‌కోట్లు, కాళ్ళకి మంచు బూట్లు. బార్‌కి ఏం కట్టుకుని వెళ్ళాలో ఇద్దరికీ తెలియదు. చెడ్డచోటికి వెళ్తున్నాం కాబట్టి మంచిచీరలు కట్టుకోవాలని వదిన తేల్చింది. తలుపు తోసేసరికి లోపల అందరూ మాటలు ఆపేశారు. కౌంటర్ వెనక ఉన్న ఎర్రమీసాల టూమీ గ్లాసు తుడుస్తూ ఆగిపోయాడు.

"లేడీస్, దారి తప్పారా?"

"మా ఆయన కోసం వచ్చాను" అంది వదిన.

"పేరు?"

"దైవాశీర్వాదం."

"అలాంటి పేరున్నవాళ్ళెవరూ..." టూమీ మాట పూర్తికాలేదు. వెనకగదిలోంచి ఒక చరణం లేచింది. చరణంలో ఎవరో చచ్చిపోతున్నారు.

"అదిగో, ఆ గొంతే!" అంది వదిన.

టూమీ గ్లాసు కింద పెట్టేశాడు. "అయ్యయ్యో! మీరు మిసెస్ ఓ'షీర్వాదమా!" ఆ మాటతో బార్లో మగవాళ్ళందరూ లేచి నిలబడి టోపీలు తీశారు. ఎవరో కుర్చీ తుడిచారు. ఎవరో టీ తెమ్మని అరిచారు. వదిన జన్మలో ఎక్కడా అంత మర్యాద చూడలేదు. అక్కడే కొంచెం మెత్తబడిందేమోనని నాకు అనుమానం.

మేం వెనకగది గుమ్మంలో ఆగాం. అన్నయ్య ముందు ఆరెంజ్ జ్యూస్ గ్లాసు. పక్కన ఒక రూళ్ళ నోట్‌బుక్. అందులో ఐరిష్ పాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఎదురుగా ఫిడేలు పట్టుకున్న ఒక పోస్ట్‌మాన్, ఇద్దరు ముసలివాళ్ళు. అన్నయ్య వాళ్ళని లాయరులా నిలదీస్తున్నాడు.

"ఉప్పు. ఏ పాటలోనైనా ఉప్పు ఉందా? పోయినవారమే అడిగాను."

"సముద్రం ఉంది డేవ్. చాలా పాటల్లో ఉంది."

"సముద్రం నాకెందుకు? సూప్‌లో వేసుకునే ఉప్పు కావాలి. సరే, అది వదిలెయ్యండి. బాత్‌రూమ్. ఇది అర్జెంట్. బాత్‌రూమ్ ఉన్న పాట ఒక్కటి చెప్పండి చాలు."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. పోస్ట్‌మాన్ ఫిడేలు దించాడు.

"మూడొందల ఏళ్ళు పోరాడాం డేవ్. కానీ పాటలో ఒక్కడు కూడా బాత్‌రూమ్‌కి వెళ్ళలేదు."

"ఒక్కడు కూడానా?"

"తుపాకీ ఉంది. ఉరికంబం ఉంది. స్వేచ్ఛ కావలసినంత ఉంది."

"స్వేచ్ఛ ఆయనకి రోజుకి అయిదుసార్లు అక్కర్లేదయ్యా!" అన్నాడు అన్నయ్య.

"ఏమండీ!" అంది వదిన.

అన్నయ్య ఎగిరిపడ్డాడు. జ్యూస్ నోట్‌బుక్ మీద ఒలికింది. "వసంతా! నేను తాగలేదు!"

"ఊదండి."

ఊదాడు. కమలాపండు వాసన. బార్ మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తోంది. వదిన తల ఊపగానే అందరూ హుర్రే అని అరిచారు.

"మరి ఓవర్‌టైమ్ అన్నారే?"

అన్నయ్య గడియారం చూసుకుని నోట్‌బుక్ దులిపాడు. "నాలుగైపోతోంది. ఆయన ఎదురుచూస్తూ ఉంటాడు. ఇద్దరూ రండి, కార్లో చెబుతాను. కానీ ముందు నాకు మాట ఇవ్వాలి. మూడోమనిషికి చెప్పకూడదు."

ఇచ్చాం. కారు ఊరి చివర ఒక నర్సింగ్‌హోమ్ వైపు తిరిగింది.

అక్కడ ఉన్నది హన్రాటీ అనే ఐరిష్ పెద్దాయన. మా బిల్డింగ్‌లోనే కింది వాటాలో ఉండేవాడు. రైల్వేలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. భార్య లేదు. కొడుకు ఎక్కడో టెక్సస్‌లో. 1979 జనవరిలో పెద్ద మంచుతుఫాను వచ్చినప్పుడు, అమెరికా వచ్చి నాలుగు నెలలైనా కాని అన్నయ్యకి పార చేతికిచ్చి మంచు తవ్వడం నేర్పింది ఆయనే. కారు బయటపడేదాకా పక్కన నిలబడి పాటలు పాడుతూ తవ్వించాడట. ఆ ఏడాది సెప్టెంబరులో స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. అంబులెన్స్ ఎక్కించింది నేనే. తర్వాత నర్సింగ్‌హోమ్‌లో చేర్చారని విన్నాను. విని, నా పనిలో పడి మర్చిపోయాను. ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

అన్నయ్య మర్చిపోలేదు. వారం వారం వెళ్ళి కూర్చునేవాడు. హన్రాటీ ఏదో చెప్పబోయేవాడు, బ, బ అని తప్ప రాదు. కోపం వచ్చి ఎడమచేత్తో మంచం కొట్టేవాడు. అన్నయ్యకి ఏం చెయ్యాలో తోచేది కాదు. ఒకరోజు తోచక, మంచు తవ్వేటప్పుడు విన్న పాటలో ఒక లైను సన్నగా అన్నాడు.

"రెండో లైను ఆయన అందుకున్నాడు చెల్లెమ్మా. మాటలతో సహా! మాట పోయిన మనిషి నాలుగు చరణాలు పాడేశాడు" అన్నాడు అన్నయ్య.

మాట ఉండేది మెదడులో ఒకవైపు, పాట ఉండేది రెండోవైపు అని నర్సింగ్‌లో ఒక పేరా చదివాను. ఆ పేరా వీల్‌చైర్‌లో కూర్చుని నా ఎదుట పాడుతుందని అనుకోలేదు. మేం గదిలోకి అడుగుపెట్టగానే హన్రాటీ వసంత వదినని చూసి, ఎడమచేత్తో జుట్టు సర్దుకుని, ఊళ్ళోకి వచ్చిన అందగత్తె గురించి ఒక లైను పాడాడు.

"నువ్వు వచ్చినందుకు సంతోషం అంటున్నాడు" అన్నాడు అన్నయ్య.

అప్పుడు అర్థమైంది. వాళ్ళిద్దరూ పాటల్లో మాట్లాడుకుంటున్నారు. కిటికీ మూయాలంటే కొండగాలి పాటలో ఒక లైను. దాహమైతే నది పాట. ఆకలైతే కరువు పాట, అది కొంచెం ఎక్కువే అనుకోండి. హెడ్ నర్సు వస్తుంటే ఎర్రకోటు ఇంగ్లీషు సైన్యం వస్తోంది తలుపులు మూయండి అనే పాట. ఆవిడ రోజూ అది విని, "నేనంటే ఎంత ఇష్టమో, చూడగానే పాడతాడు" అని అందరికీ చెప్పుకునేది. కానీ పాటలో లేని మాట ఆయనకి లేదు. ఉప్పు లేదు, దుప్పటి లేదు, బాత్‌రూమ్ అసలే లేదు. అందుకే అన్నయ్య ప్రతి శనివారం టూమీ బార్లో మాటలు వెతుకుతున్నాడు.

"మరి బర్త్‌డేల్లో ఆ చావుపాటలేంటన్నయ్యా?"

"అరవైరెండు పాటలు చెల్లెమ్మా! రోజూ పాడకపోతే ఎలా గుర్తుంటాయి? ఇంట్లో పాడితే మీ వదిన తిడుతుంది. బర్త్‌డేల్లో అయితే మర్యాదకి ఎవరూ ఏమనరు." హన్రాటీ దుప్పటి సర్దుతూ అన్నాడు. "మొదట నేర్చుకుంది ఆయన కోసమే. తర్వాత అవే నన్ను పట్టుకున్నాయిలే."

"నాకు చెబితే ఏం పోయేది?" అంది వదిన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"నలభై ఏళ్ళు రైళ్ళ మీద అరిచిన మనిషి వసంతా. బాత్‌రూమ్ అడగడానికి పాట కోసం వెతుక్కుంటున్నాడని నలుగురికీ తెలిస్తే తలెత్తుకోగలడా?"

తర్వాతి శనివారం నుంచి వదిన హన్రాటీకి పెరుగన్నం క్యారియర్ కట్టడం మొదలుపెట్టింది.

మేం బార్‌కి వెళ్ళిన మర్నాడు ఆదివారం సహవాసం అయ్యాక అయ్యగారు కమిటీ ముందు అన్నయ్యని నిలబెట్టారు.

"బ్రదర్, బార్‌కి వెళ్తున్న మాట నిజమేనా?"

"నిజమే అయ్యగారూ."

"తాగుతున్నారా?"

"ఆరెంజ్ జ్యూస్."

"బార్‌లో కూర్చుని జ్యూస్ ఎవరైనా తాగుతారా?" అంది ప్రేమజ్యోతి అక్కయ్య.

"అయితే ఎందుకు వెళ్తున్నారు?" అన్నారు అయ్యగారు.

"చెప్పలేనండి."

"పోనీ మానేస్తారా?"

"మానలేనండి" అన్నాడు అన్నయ్య. కీర్తనల పుస్తకం మూసి, బల్ల మీద పెట్టి, వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. ముగింపు కీర్తన లీడర్ లేకుండా పాడాం. ముప్ఫై కుటుంబాలు ముప్ఫై శ్రుతులు. నేను వెనక్కి తిరిగి చూశాను. అన్నయ్య పెదవులు కదుపుతున్నాడు, గొంతు లేదు. ఆయన పాడకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. తట్టుకోలేకపోయాను.

చెప్పనని మాట ఇచ్చాను. పిలవనని ఇవ్వలేదు. రెండు వారాలు ఆలోచించి అయ్యగారికి ఫోన్ చేశాను.

"అయ్యగారూ, నాకు తెలిసిన ఒక పేషెంట్‌కి ప్రార్థన కావాలి. శనివారం నాలుగింటికి వస్తారా?"

ఎంత కఠినంగా కనిపించినా, జబ్బుమనిషి దగ్గరికి రమ్మంటే ఆయన ఎన్నడూ కాదనలేదు. వచ్చారు. గదిలో అన్నయ్యనీ వదిననీ చూసి ఆగిపోయారు. అన్నయ్య నన్ను చూపులతోనే కాల్చేశాడు.

"నేనేం చెప్పలేదన్నయ్యా" అన్నాను.

ఈ రెండు వారాల్లో టూమీ బార్లో ఒక చారిత్రక కార్యం జరిగింది. పాత పాటల్లో బాత్‌రూమ్ లేదు కాబట్టి, పోస్ట్‌మానూ ఆ ముసలివాళ్ళూ అన్నయ్యతో కలిసి ఒక పాత యుద్ధగీతం రాగానికి కొత్త చరణం కట్టారు. శత్రువులు చుట్టుముడతారు, తుపాకులు ఎక్కుపెడతారు. అప్పుడు మన వీరుడు చెయ్యెత్తి, "కెప్టెన్, యుద్ధం కాస్త ఆపించు, నేను బాత్‌రూమ్‌కి పోయి రావాలి" అంటాడు. అన్నయ్య దాన్ని రోజూ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు హన్రాటీ దగ్గర ఇరవైసార్లు పాడి వినిపిస్తున్నాడు. ఆయన వింటున్నాడు గాని ఇంతవరకు నోరు మెదపలేదు.

అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన ఆదాము దగ్గర మొదలై వరసగా వస్తుంది. అబ్రాహాము దాకా వచ్చేసరికి హన్రాటీ కుర్చీలో కదలడం మొదలుపెట్టాడు. మోషే దగ్గర చెమట పట్టింది. దావీదు ఇంకా రానేలేదు, ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. వీల్‌చైర్ అదిరేలా ఎత్తుకున్నాడు.

"కెప్టెన్, యుద్ధం కాస్త ఆపించు!"

అయ్యగారు కళ్ళు తెరిచారు.

"అయ్యగారూ, దావీదుని అక్కడే ఉంచండి!" అని అరిచి అన్నయ్య వీల్‌చైర్ పట్టుకుని పరుగెత్తాడు. వరండా పొడుగునా ఆ చరణం మారుమోగింది. హెడ్ నర్సు గోడకి అంటుకుపోయింది. అయిదు నిమిషాలకి ఇద్దరూ తిరిగొచ్చారు. రాజ్యం జయించినవాళ్ళలా ఉన్నారు.

"మూడేళ్ళలో మొదటిసారి! అడిగి వెళ్ళాడు, అడిగి!" అన్నయ్యకి కళ్ళనీళ్ళు ఆగడం లేదు. నేను టూమీకి ఫోన్ చేసి చెప్పాను. అవతల నుంచి వచ్చిన కేకకి రిసీవర్ చెవి నుంచి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. హన్రాటీ సిగ్గుపడతాడని మూడేళ్ళు భయపడింది మా అన్నయ్యే. ఆయన మాత్రం పడిపోని సగం మొహంతోనే పగలబడి నవ్వుతున్నాడు.

అయ్యగారు కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. జేబులోంచి డైరీ తీశారు, పెన్ను మూత తీశారు.

"బ్రదర్, ఇంకా ఏ మాటలు కావాలి?"

"దుప్పటి, ఉప్పు, కళ్ళజోడు, కాలునొప్పి అయ్యగారూ."

"ఆ బార్ ఎన్ని గంటలకి తెరుస్తారు?"

మర్నాడు కీర్తనల పుస్తకం తెచ్చి అన్నయ్య చేతిలో ఆయనే పెట్టారు. కమిటీలో ఎవరూ ఏమీ అడగలేదు. ప్రేమజ్యోతి అక్కయ్య ఒక్కతే వదినని పక్కకి పిలిచి, ఆ బార్లో టీ బాగుంటుందా అని అడిగింది.

తర్వాతి శనివారం అయ్యగారు సూటు వేసుకుని, చంకలో బైబిల్ పెట్టుకుని టూమీ బార్లో అడుగుపెట్టారు. మళ్ళీ అందరూ లేచి టోపీలు తీశారు. మూడు కప్పుల టీ తాగి, దుప్పటి ఉన్న పాట ఒకటి సంపాదించారు. చలిరాత్రి కొండల్లో దాక్కున్న సైనికుడు తన దుప్పటి స్నేహితుడికి కప్పే పాట. దాన్ని వారమంతా సాధన చేసి, "ఇది నేనే పాడి నేర్పుతాను బ్రదర్" అన్నారు. కాదనే ధైర్యం ఎవరికుంది?

ఆ పై శనివారం హన్రాటీ మంచం పక్కన నిలబడి, హెడ్మాస్టర్‌లా చేతులు వెనక్కి కట్టుకుని ఎత్తుకున్నారు. మొదటి లైను మేడ మీద మొదలై నేలమాళిగలో ముగిసింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. రెండో లైనుకి వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. హన్రాటీ భరించడానికి చాలా ప్రయత్నించాడు. పెదవులు బిగించాడు, గోడ వైపు చూశాడు. మూడో లైను పైస్థాయికి వెళ్ళింది. ఆ పెద్దాయన ఎడమచెయ్యి ఎత్తి, మెడ నరాలు ఉబ్బుతుండగా, రాగం లేకుండా, పాట లేకుండా, ఉత్త మాటగా అన్నాడు.

"స్టాప్!"

తాను అన్నది తానే విని హన్రాటీ నోరు తెరిచాడు. మూడేళ్ళ తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. నేను డాక్టరు కోసం తలుపు వైపు పరుగెత్తాను. వదిన ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది. అయ్యగారు మోకాళ్ళ మీద పడి దేవుణ్ణి స్తుతించబోయారు. అన్నయ్య ఆయన రెండు చంకల్లోనూ చేతులు పెట్టి లేపి నిలబెట్టాడు.

"అయ్యగారూ, స్తోత్రం తర్వాత! ముందు ఇంకో చరణం ఎత్తుకోండి, ఇంకో మాట వస్తుంది!"